రైలీకి బెంగ పట్టుకుంది

2024 జూన్ 14న ‘ఇన్‌సైడ్ అవుట్ 2’ థియేటర్లకు వచ్చింది. మా ఇంట్లో టికెట్లు ముందే బుక్ చేసుకున్నాం. వెళ్లేముందు మొదటి భాగం మళ్లీ చూద్దామని ఆ ముందు శనివారం రాత్రి అందరం సోఫాలో సర్దుకున్నాం. 2015లో అది వచ్చినప్పుడు మా అమ్మాయికి మూడేళ్లు. రంగురంగుల బొమ్మలు చూసి చప్పట్లు కొట్టింది. ఈసారికి పన్నెండు.

కథ మీకు గుర్తుండే ఉంటుంది. పదకొండేళ్ల రైలీ మిన్నెసోటాలో పుట్టి పెరిగింది. నాన్న పని కోసం కుటుంబం శాన్‌ఫ్రాన్సిస్కో మారుతుంది. సామాన్ల ట్రక్కు రాదు, కొత్త ఇల్లు ఇరుకు, పిజ్జా మీద చూస్తే బ్రోకలీ! (జపాన్ విడుదలలో ఆ బ్రోకలీ తీసేసి క్యాప్సికం పెట్టారు. మన తెలుగు పిల్లలకైతే కాకరకాయ పెట్టాల్సి వచ్చేదేమో.) రైలీ బుర్రలో జాయ్, శాడ్‌నెస్, యాంగర్, ఫియర్, డిస్గస్ట్ అని ఐదుగురుంటారు. పెత్తనం జాయ్‌ది. శాడ్‌నెస్ దేన్నీ ముట్టుకోకుండా నేల మీద సుద్దముక్కతో గిరి గీసి, అందులో నిలబడమంటుంది.

మొదటిసారి నేను పట్టించుకోని సీన్ ఒకటుంది. రాత్రి పడుకునేముందు అమ్మ వచ్చి, నాన్న చాలా ఒత్తిడిలో ఉన్నాడు, మనిద్దరం నవ్వుతూ ఉంటే ఆయనకి పెద్ద సాయం అంటుంది. ఈసారి అక్కడ నాకు గొంతు పట్టేసింది. అంతకు రెండేళ్ల ముందు మా ఆయన ఉద్యోగం పోయింది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఆ తర్వాత దొరికే 60 రోజుల గడువు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. గడువులోపు డాలస్‌లో జాబ్ దొరికింది. ఎడిసన్ నుంచి ఫ్రిస్కోకి హడావిడిగా మారాం. అప్పుడు మా అమ్మాయికి నేను చెప్పిందీ అదే: “నాన్నకి కష్టంగా ఉందమ్మా, నువ్వు మంచిపిల్లవి కదా, ఏడవకు.” తను ఏడవలేదు. ఎంత త్వరగా అలవాటుపడిందో అని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

వీడియో కాల్‌లో మా అమ్మ మాత్రం, “పిల్ల బెంగ పెట్టుకుందే, కాస్త దగ్గర కూచోబెట్టుకో” అంది. నేను కొట్టిపారేశాను. బెంగతో పిల్లలకి జ్వరాలు కూడా వస్తాయని నమ్మే తరం కదా అనుకున్నాను.

దర్శకుడు పీట్ డాక్టర్ చిన్నప్పుడు వాళ్ల కుటుంబం డెన్మార్క్ వెళ్లింది. కొత్త చోట ఒంటరితనం ఆయనకి తెలుసు. తర్వాత తన కూతురు పదకొండేళ్లకి ముభావంగా మారడం చూసి ఈ కథ మొదలుపెట్టారు. పాల్ ఎక్‌మన్, డాకర్ కెల్ట్‌నర్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలని సంప్రదించారు. మొదట్లో జాయ్‌తో పాటు దారి తప్పేది ఫియర్. చాలాకాలం పనిచేశాక అది కుదరడం లేదని, ఆ స్థానంలో శాడ్‌నెస్‌ని పెట్టారు. సినిమా నిలబడింది అక్కడే.

బింగ్ బాంగ్ తన రాకెట్ బండి పోయి కూలబడితే జాయ్ చక్కిలిగింతలు పెడుతుంది, కోతిచేష్టలు చేస్తుంది. ఏదీ పనిచేయదు. శాడ్‌నెస్ పక్కన కూచుని, పోయినదాని గురించి చెప్పించి, వింటుంది. అతను ఏడ్చి, కళ్లు తుడుచుకుని లేస్తాడు. మా అమ్మ చెప్పిన “దగ్గర కూచోబెట్టుకో” ఇదే కదా!

చివర్లో రైలీ, ఇల్లు గుర్తొస్తోందని అమ్మానాన్నల ముందు ఏడుస్తుంది. అప్పుడు మా అమ్మాయి టీవీ వైపే చూస్తూ, “నేను షవర్‌లో ఏడ్చేదాన్ని, మీకు వినపడకుండా” అంది. సినిమా ఆపేశాం. ఎడిసన్ ఇంటి గురించి, అక్కడి ఫ్రెండ్స్ గురించి పన్నెండింటి దాకా మాట్లాడుతూనే ఉంది. మధ్యలో ఇద్దరం ఏడ్చాం. మా ఆయన లేచివెళ్లి పాలు వేడిచేసి తెచ్చారు. మిగిలిన ఐదు నిమిషాల సినిమా మర్నాడు చూశాం.

రెండో భాగంలో రైలీకి పదమూడేళ్లు. యాంగ్జైటీ అనే కొత్త పాత్ర వస్తుంది. దాన్ని తెలుగులో ఏమంటారని అడిగింది మా అమ్మాయి. కంగారా, గాబరానా, ఆందోళనా? నాకూ తేలలేదు. “అమ్మమ్మని అడుగుదాం” అని ఫోన్ తీసింది.