ముందు ఎవరు, ముఖ్యులు ఎవరు? — ఆంగ్లంలో కొన్ని మాటలు, కొన్ని జాతీయాలు

కొన్ని సంవత్సరాల క్రితం ఒక విద్యార్థి తాను ఆంగ్లంలో వ్రాసుకొన్న దరఖాస్తు నకలును నాకు చూపించాడు. తండ్రి గతించాడు, వసతిగృహంలో చోటు దొరకకపోతే చదువు ఆగిపోయే పరిస్థితి. దరఖాస్తు చివర తనకు "ప్రామినెన్స్" ఇవ్వవలసిందని ప్రార్థించాడు. అతడు కోరదలచింది "ప్రయారిటీ". తెలుగులో రెండింటికీ "ప్రాధాన్యం" అనే ఒక్క మాటతో పని జరిగిపోతుంది గనుక, నిఘంటువులో కంటబడిన దానిని తీసి వ్రాశాడు. "ముందుగా నా సంగతి చూడండి" అనవలసినవాడు, "నలుగురిలో నన్ను గొప్పగా కనబడనీయండి" అన్నట్లయింది. అసలు ప్రతి అప్పటికే కార్యాలయానికి చేరింది. అక్కడి ఉద్యోగి ఒకరు ఆ వాక్యాన్ని పైకి చదివి నవ్వారని చెబుతూ ఆ కుర్రవాడు తల వంచుకొన్నాడు. ఈ వ్యాసానికి ఆ వాక్యమే కారణం.

"ప్రయారిటీ"కి మూలమైన లాటిన్ మాట "ప్రయర్". "అంతకంటె ముందటిది" అని దాని అర్థం. అంటే పోలిక ఆ మాటలోనే ఇమిడి ఉన్నది. అందువల్లనే "ప్రయర్ టు" అనాలి గాని "ప్రయర్ దాన్" అనరాదు. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ అనేవి కూడా ఈ కుటుంబానికి చెందిన లాటిన్ రూపాలే. వాటి తరువాతా "టు" యే వస్తుంది. ఇది వరుసకు, వంతుకు సంబంధించిన మాట. గొప్పతనంతో దీనికి పని లేదు. ఆసుపత్రి అత్యవసర విభాగంలో వైద్యుడు మొదట చూచేది ప్రాణాపాయంలో ఉన్న రోగిని. ఆ రోగి కూలివాడా, కోటీశ్వరుడా అన్నది ప్రశ్న కాదు. అక్కడ కూలివానికి లభించినది ప్రయారిటీ.

"ప్రామినెంట్" అనేది కంటికి సంబంధించిన మాట. ముందుకు పొడుచుకొని వచ్చినది అని దాని మూలార్థం. ఎత్తుపళ్ళను ఆంగ్లంలో "ప్రామినెంట్ టీత్" అంటారు. అందులో గౌరవమేమీ లేదని వేరే చెప్పనక్కరలేదు! ఈ మాటకు ఇద్దరు తోబుట్టువులున్నారు. పైకి పొడుచుకొని వచ్చినది "ఎమినెంట్", అంటే మహనీయుడు. నెత్తిమీదికి వ్రేలాడుతున్నది "ఇమ్మినెంట్", అంటే ముంచుకొస్తున్న ఆపద వంటిది. పరీక్ష పత్రాలలో "ఎమినెంట్ డేంజర్" అని వ్రాసి, ఆపదకు సన్మానం చేసే విద్యార్థులు ఏటా కొందరుంటారు.

ఇక మూడవది "ప్రెసిడెన్స్". ఇది నియమం చేత, మర్యాద చేత ఏర్పడే అగ్రస్థానం. దీనికి మన దేశంలోనే చక్కని ఉదాహరణ ఉన్నది. 1979 జూలై 26న రాష్ట్రపతి కార్యాలయం "టేబుల్ ఆఫ్ ప్రెసిడెన్స్" అనే పట్టికను ప్రకటించింది. అందులో రాష్ట్రపతిది మొదటి స్థానం, ఉపరాష్ట్రపతిది రెండవది, ప్రధానమంత్రిది మూడవది. దినపత్రిక మొదటి పుటలో ఎక్కువగా కనబడేది మాత్రం ప్రధానమంత్రి. ప్రెసిడెన్స్ ఒకరిది, ప్రామినెన్స్ మరొకరిది. ఈ వరుస ప్రభుత్వ ఉత్సవాల కోసమే గాని నిత్య పరిపాలనా వ్యవహారాలకు వర్తించదని ఆ పట్టికలోనే స్పష్టం చేశారు. ఏ కాగితం ముందు చూడాలన్నది మళ్ళీ ప్రయారిటీకి సంబంధించిన విషయం.

జాతీయాలలో నాకు ఎక్కువ ఇష్టమైనది "ఇన్ ది లైమ్‌లైట్". అందరి దృష్టిలో ఉండడమని భావం. "లైమ్" అనగానే మనవారికి నిమ్మకాయ గుర్తుకు వస్తుంది. ఇక్కడ లైమ్ అంటే సున్నం. విద్యుద్దీపాలు రాకముందు ఆక్సిజన్, హైడ్రోజన్ వాయువుల మంటలో సున్నపు దిమ్మెను వేడిచేసేవారు. అది కండ్లు మిరుమిట్లు గొలిపే తెల్లని కాంతిని వెదజల్లేది. 1820లలో థామస్ డ్రమ్మండ్ అనే ఇంజనీరు ఐర్లండు భూముల కొలతలో దూరపు గుర్తులు కనిపించడానికి ఈ వెలుగును ఉపయోగించాడు. 1837లో అది లండన్‌లోని కోవెంట్ గార్డెన్ నాటకశాలకు చేరింది. ఆ వెలుగు పడిన నటుడే ప్రేక్షకులకు ప్రధానుడు. ఆ దీపాలు పోయి చాలా కాలమైనా మాట మిగిలింది.

"ప్లే సెకండ్ ఫిడిల్" అంటే మరొకరి క్రింద రెండవ స్థానంలో ఉండడం. పాశ్చాత్య వాద్యబృందంలో వయొలిన్లు రెండు వర్గాలు. రెండవ వర్గం వాయించకపోతే సంగీతం బోసిపోతుంది. అయినా జాతీయం మాత్రం వారిని చిన్నచూపే చూచింది. ఇది అన్యాయమని నా అభిప్రాయం. "టేక్ ఎ బ్యాక్ సీట్" కూడా దాదాపు ఇదే, కాని అందులో తానుగా వెనుకకు తగ్గడమనే ఛాయ ఉన్నది. "ప్రైడ్ ఆఫ్ ప్లేస్" లోని ప్రైడ్ అహంకారం కాదు. గృహంలో తాతగారి పటానికి ఇచ్చే ఉన్నతస్థానం వంటిది. మన "పెద్దపీట వేయడం" దీనికి చాలా దగ్గర. "అగ్రతాంబూలం" మాత్రం ప్రెసిడెన్స్ వైపుకు మొగ్గుతుంది, ఎందుకంటే అది ఎవరికి ముందు ఇవ్వాలన్న మర్యాదను బట్టి నడుస్తుంది.

మన కళాశాలలో ఉర్దూ చదివే మిత్రులకు ఈ భేదం మనకంటె సులభంగా బోధపడుతుందనుకొంటాను. వారికి "తర్జీహ్" ఉన్నది; త్రాసులో ఒకవైపు మొగ్గేటట్లు చేయడమనే భావం దాని మూలంలో ఉన్నది. రెండింటిని తూచి ఒకదానిని ముందుకు తీసుకోవడమే గదా ప్రయారిటీ! ప్రామినెంట్‌కు వారి మాట "నుమాయాఁ", అంటే కంటికి కనబడేది. హైదరాబాదులో 1938 నుండి పేరుపొందిన "నుమాయిష్" ఈ మాటకు చుట్టమే. తర్జీహ్ కావలసినచోట నుమాయాఁ అని ఏ ఉర్దూ విద్యార్థీ వ్రాయడు.

మాటల వెంట వచ్చే చిన్న పదాలలోనూ జాగ్రత్త అవసరం. ఒకదానికి ప్రయారిటీ ఇస్తే "గివ్ ప్రయారిటీ టు"; ఒకదానికంటె ముందు నిలిస్తే "టేక్ ప్రెసిడెన్స్ ఓవర్". "ఫర్" అని వ్రాసే అలవాటు మన తెలుగు "కొరకు" నుండి వచ్చినట్లున్నది.

ఆనాడు ఆ విద్యార్థీ నేనూ కూర్చుని మరొక దరఖాస్తు వ్రాశాము. తండ్రి లేని సంగతి, ఊరికి కళాశాలకు మధ్య ఉన్న దూరం, తల్లి సంపాదన మొదటి మూడు వాక్యాలలో చెప్పించాను. చివరి వాక్యం అతడే వ్రాశాడు: "ఐ రిక్వెస్ట్ యు టు గివ్ ప్రయారిటీ టు మై అప్లికేషన్." కలం మూయబోతూ, ఇక్కడ "టు" యేనా, "ఫర్" కాదా అని మరొకసారి అడిగి, ఆ తరువాతనే సంతకం చేశాడు.