18-5తో చిత్తయిన మర్నాడే చరిత్ర.. భారత మూలాలున్న కుర్రాడు, ఓ కాలేజీ బేస్‌బాల్ టీమ్.. ఆ సీజన్‌లో అసలేం జరిగింది?

రామగిరి మండలం సెంటినరీ కాలనీ అయినా, గోదావరిఖని అయినా.. సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్తే కనిపించేది క్రికెట్టే. బేస్‌బాల్ అంటే మనలో చాలామందికి హాలీవుడ్ సినిమాల్లో చూసిన బ్యాటు, గ్లవ్‌లే గుర్తొస్తాయి. కానీ ఆ ఆటలో భారత మూలాలున్న ఓ 19 ఏళ్ల కుర్రాడు కాలేజీ టీమ్ తరఫున ఆడి, తొలి ఏడాదిలోనే అమెరికా మొత్తం తనవైపు చూసేలా చేశాడు. పేరు కుమార్ రాకర్. టీమ్ వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ. సీజన్ 2019.

ఆ ఏడాది వాండర్‌బిల్ట్ 71 మ్యాచ్‌లు ఆడి 59 గెలిచింది. చివరికి జాతీయ టైటిల్ కూడా కొట్టింది. అయితే ఆ సీజన్‌ను ఇప్పటికీ గుర్తుపెట్టుకునేది గెలిచిన 59 మ్యాచ్‌ల వల్లే కాదు. ఘోరంగా ఓడిన ఒక మ్యాచ్, దాని మర్నాడు జరిగిన అద్భుతం వల్ల కూడా. ఆ కథేంటో వివరంగా చూద్దాం.

ముందు ఆట అర్థం కావాలిగా!

క్రికెట్ తెలిసినవాళ్లకు బేస్‌బాల్ పెద్ద కష్టమేం కాదు. టీమ్‌కి 9 మంది ఫీల్డింగ్ చేస్తారు. మ్యాచ్‌కి 9 ఇన్నింగ్స్. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు టీమ్‌లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తాయి. ముగ్గురు ఔటైతే అవతలి టీమ్ బ్యాటింగ్‌కి వస్తుంది. అంటే మొత్తం మ్యాచ్‌లో ఒక టీమ్‌ని పూర్తిగా కట్టడి చేయాలంటే 27 ఔట్లు తీయాలి.

బౌలర్‌ని ఇక్కడ పిచర్ అంటారు. బంతి కింద పడి లేవదు. అన్నీ ఫుల్ టాస్‌లే అనుకోండి. మన దగ్గర ఫుల్ టాస్ అంటే బ్యాటర్‌కి పండగే. కానీ ఇక్కడ ఆ ఫుల్ టాస్ గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, పైగా గాల్లోనే పక్కకీ కిందకీ తిరుగుతుంది. క్రికెట్ పిచ్‌పై వికెట్ల మధ్య దూరం 20.12 మీటర్లు. పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ దగ్గరున్న ప్లేట్‌కి 18.44 మీటర్లే. ఆలోచించుకోవడానికి అర సెకను కూడా ఉండదు.

మంచి బంతిని కొట్టలేకపోతే అది ఒక స్ట్రైక్. అలా మూడు స్ట్రైక్‌లు పడితే బ్యాటర్ ఔట్. దాన్నే స్ట్రైకౌట్ అంటారు. పిచర్ వేసిన నాలుగు బంతులు హద్దు దాటి వెళ్తే బ్యాటర్ ఏమీ కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కి నడుచుకుంటూ వెళ్లిపోతాడు. నాలుగు బేస్‌లు చుట్టి వస్తే ఒక్క రన్. అందుకే ఇక్కడ 3-0, 4-1 లాంటి స్కోర్లే ఎక్కువ.

ఇంకో ముఖ్యమైన విషయం. ప్రొఫెషనల్ లీగ్‌లలో చెక్క బ్యాట్లే వాడాలి. కాలేజీ బేస్‌బాల్‌లో మెటల్ బ్యాట్లు వాడొచ్చు. అంటే కాలేజీ పిచర్‌కి పని ఇంకాస్త కష్టం అన్నమాట.

ఎవరీ కుమార్ రాకర్?

కుమార్ 1999 నవంబర్‌లో పుట్టాడు. తండ్రి ట్రేసీ రాకర్ ఆబర్న్ యూనివర్సిటీకి ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ స్టార్, తర్వాత కోచ్‌గా పనిచేశారు. తల్లి లలిత భారత సంతతి. ఆమె తల్లిదండ్రులు మన దేశం నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవాళ్లు. ఆ పేరు వెనుక కథ అదీ.

2018లో స్కూల్ చదువు అయిపోగానే కొలరాడో రాకీస్ అనే ప్రొఫెషనల్ టీమ్ అతడిని డ్రాఫ్ట్‌లో 38వ రౌండ్‌లో ఎంచుకుంది. కుమార్ మాత్రం సంతకం చేయలేదు. కాలేజీకే వెళ్తానన్నాడు.

ఇక్కడ అమెరికా పద్ధతి తెలుసుకోవాలి. స్కూల్ అయిపోయాక నేరుగా ప్రొఫెషనల్ టీమ్‌లోకి వెళ్లొచ్చు. లేదంటే నాలుగేళ్ల కాలేజీలో చేరొచ్చు. కాలేజీలో చేరితే మూడేళ్లు పూర్తయ్యాకో, 21 ఏళ్లు నిండాకో మాత్రమే మళ్లీ డ్రాఫ్ట్‌కి అర్హత వస్తుంది. చదువూ ఆటా రెండూ సాగాలి. ఈ మధ్యలో చేతికి దెబ్బ తగిలితే? ఆ రిస్క్ ఆటగాడిదే.

స్కాలర్‌షిప్ సంగతి కూడా మనం అనుకున్నంత ఈజీ కాదు. అప్పటి నిబంధనల ప్రకారం డివిజన్-1 బేస్‌బాల్ టీమ్‌కి ఇచ్చే స్కాలర్‌షిప్‌లు మొత్తం 11.7 మాత్రమే. టీమ్‌లో 35 మంది దాకా ఉండేవాళ్లు. ఆ 11.7నే ముక్కలు చేసి 27 మంది వరకు పంచుకోవాలి. ఫీజు మొత్తం మాఫీ అయ్యేవాళ్లు చాలా అరుదు. 2025 నుంచి ఈ నిబంధనలు మారాయి కానీ 2019లో ఆడినవాళ్లంతా ఆ లెక్కలోనే ఆడారు.

71 మ్యాచ్‌లు.. 59 విజయాలు

వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ టెన్నెస్సీ రాష్ట్రం నాష్‌విల్‌లో ఉంది. కోచ్ టిమ్ కార్బిన్. 2014లో అదే కోచ్ ఆధ్వర్యంలో తొలిసారి జాతీయ టైటిల్ గెలిచింది. 2016 జూన్‌లో టీమ్‌ని విషాదం కుదిపేసింది. తొలి ఏడాది చదువుతున్న పిచర్ డానీ ఎవరెట్ చేపలు పట్టడానికి వెళ్లి నీళ్లలో మునిగి చనిపోయాడు. అతడితో పాటు కాలేజీలో చేరిన బ్యాచ్‌కి 2019 నాలుగో ఏడాది.

ఆ సీజన్‌లో బ్యాటింగ్ భారం మోసింది జేజే బ్లెడే. 27 హోమ్ రన్లతో దేశంలోని డివిజన్-1 కాలేజీ ఆటగాళ్లందరిలో టాప్‌లో నిలిచాడు. సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ అంటే కాలేజీ బేస్‌బాల్‌లో అతి కఠినమైన గ్రూపుల్లో ఒకటి. అక్కడ లీగ్ టైటిల్‌తో పాటు టోర్నమెంట్ టైటిల్ కూడా వాండర్‌బిల్ట్‌దే. 59 విజయాలు ఆ కాన్ఫరెన్స్ చరిత్రలోనే రికార్డు.

ఇక అసలు పరీక్ష మొదలైంది. జాతీయ టోర్నీకి 64 టీమ్‌లు వస్తాయి. నాలుగేసి టీమ్‌లు చొప్పున 16 గ్రూపులు. గెలిచిన 16 టీమ్‌లు ఇద్దరిద్దరుగా తలపడతాయి. మూడు మ్యాచ్‌ల్లో రెండు గెలిచినవాళ్లు ముందుకు. దీన్ని సూపర్ రీజినల్ అంటారు. మిగిలిన 8 టీమ్‌లు నెబ్రాస్కాలోని ఒమాహా సిటీకి వెళ్తాయి. అదే కాలేజీ వరల్డ్ సిరీస్.

18-5.. సొంత గ్రౌండ్‌లో షాక్!

జూన్ 7. సూపర్ రీజినల్ తొలి మ్యాచ్. ప్రత్యర్థి డ్యూక్ యూనివర్సిటీ. సొంత గ్రౌండ్, సొంత జనం. ఫేవరెట్ కూడా వాండర్‌బిల్టే. కానీ డ్యూక్ ఏకంగా 18 రన్లు బాదింది. వాండర్‌బిల్ట్ 5 దగ్గరే ఆగిపోయింది.

ఇంకొక్కటి ఓడితే అంతే. ఏడాదంతా గెలిచిన మ్యాచ్‌లన్నీ లెక్కలోకి రావు, ఇంటికే. అలాంటి పరిస్థితుల్లో మర్నాడు బంతి ఎవరికిచ్చారు? తొలి ఏడాది కుర్రాడు కుమార్ రాకర్‌కి.

జూన్ 8 రాత్రి ఏం జరిగిందంటే.. తొమ్మిది ఇన్నింగ్స్ కుమార్ ఒక్కడే వేశాడు. డ్యూక్‌కి ఒక్కటంటే ఒక్క హిట్ కూడా దక్కలేదు. దీన్నే నో-హిట్టర్ అంటారు. 27 ఔట్లలో 19 స్ట్రైకౌట్లే! అంటే బ్యాటర్‌ని తనే నేరుగా ఔట్ చేసినవి 19. మిగతా 8 ఔట్లకు మాత్రమే ఫీల్డర్ల చేతులు అవసరమయ్యాయి. వాండర్‌బిల్ట్ 3-0తో గెలిచింది. సూపర్ రీజినల్స్ మొదలైన 1999 నుంచి అప్పటిదాకా ఆ దశలో ఎవరూ నో-హిట్టర్ వేయలేదు. అదే మొదటిది.

మూడో మ్యాచ్ 13-2తో వాండర్‌బిల్ట్‌దే. టీమ్ ఒమాహా బస్సెక్కింది.

షిఫ్టుల లెక్క తెలిస్తే పిచింగ్ లెక్క తెలిసినట్టే

మరి అంత బాగా వేసే కుర్రాడు ఉంటే ప్రతి మ్యాచ్ అతడితోనే వేయించొచ్చు కదా? ఈ డౌట్ అందరికీ వస్తుంది.

సింగరేణి ఏరియాలో దీన్ని అర్థం చేసుకోవడం సులువు. ఫస్ట్ షిఫ్ట్ చేసినవాళ్లే సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్ కూడా చేస్తే ఏమవుతుంది? మనిషి పడిపోతాడు. గని ఆగకూడదంటే మూడు షిఫ్టులకూ మనుషులుండాలి. బేస్‌బాల్ కూడా అంతే. మొదలుపెట్టే పిచర్‌ని స్టార్టర్ అంటారు. అతడు అలసిపోయాక వచ్చేవాడు రిలీవర్. చివర్లో మ్యాచ్ ముగించేవాడు క్లోజర్. ఒకసారి ఎక్కువ బంతులు వేసిన స్టార్టర్‌కి కొన్ని రోజులు రెస్ట్ ఇవ్వాల్సిందే.

డ్యూక్ మీద కుమార్ వేసిన బంతులు 131. అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి యువ పిచర్ల కోసం కొన్ని సూచనలు తయారుచేశాయి. 19 నుంచి 22 ఏళ్ల వాళ్లు రోజుకు 120 బంతులు దాటొద్దన్నది అందులో ఒకటి. ఇది సూచన మాత్రమే. ఆ రాత్రి కుమార్ ఆ గీత దాటాడు. నో-హిట్టర్ చేతికందే దూరంలో ఉన్నప్పుడు అతడిని తప్పించాలా, వద్దా? కోచ్‌లకు ఇంతకన్నా కష్టమైన ప్రశ్న ఉండదు. తర్వాతి మ్యాచ్‌కి మాత్రం పది రోజులు రెస్ట్ దొరికింది.

ఒమాహాలో ఏం జరిగింది?

అక్కడ లూయిస్‌విల్‌ని 3-1తో, మిసిసిపీ స్టేట్‌ని 6-3తో, మళ్లీ లూయిస్‌విల్‌ని 3-2తో ఓడించి వాండర్‌బిల్ట్ ఫైనల్ చేరింది. ఫైనల్ అంటే ఒక్క మ్యాచ్ కాదు. మూడింట్లో రెండు గెలవాలి. ప్రత్యర్థి మిచిగాన్. 1962 తర్వాత టైటిల్ ఎరగని టీమ్.

జూన్ 24న తొలి మ్యాచ్‌లో మిచిగాన్ 7-4తో గెలిచింది. మళ్లీ అదే సీన్! ఓడితే ఇంటికే. మళ్లీ బంతి కుమార్ చేతికే. జూన్ 25న 11 స్ట్రైకౌట్లు తీశాడు. వాండర్‌బిల్ట్ 4-1తో గెలిచింది.

ఇప్పుడు లెక్క సమం. జూన్ 26న ఆఖరి మ్యాచ్. కుమార్ వేయలేడు, ముందురోజే వేశాడు. మేసన్ హిక్‌మన్ ఆరు ఇన్నింగ్స్ వేసి 10 మందిని స్ట్రైకౌట్ చేశాడు. మిగతా మూడు ఇన్నింగ్స్ జేక్ ఈడర్ చూసుకున్నాడు. 8-2తో టైటిల్ వాండర్‌బిల్ట్ సొంతమైంది. కాలేజీ వరల్డ్ సిరీస్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు కుమార్‌కి వచ్చింది. కానీ కప్పు గెలిపించిన ఆఖరి రాత్రి అతడు ఒక్క బంతి కూడా వేయలేదు. ఆ సీజన్‌లో గుర్తుంచుకోవాల్సిన మాట ఇదే. హీరో ఒక్కడే కావచ్చు, సీజన్ మాత్రం టీమ్ మొత్తానిది.

ఆ తర్వాత దారి అంత సాఫీగా లేదు

2020లో కరోనా వల్ల కాలేజీ సీజన్ మధ్యలోనే రద్దయింది. 2021లో వాండర్‌బిల్ట్ మళ్లీ ఫైనల్‌కి వెళ్లింది. నిర్ణాయక మ్యాచ్‌లో కుమారే స్టార్టర్. ఈసారి మిసిసిపీ స్టేట్ 9-0తో గెలిచి కప్పు ఎగరేసుకుపోయింది.

అదే ఏడాది డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ అతడిని 10వ స్థానంలో ఎంచుకుంది. అయితే వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. కోట్ల డాలర్ల ఆటలో పేరు పిలిచాక కూడా ఖాళీ చేతులతో మిగలడం మామూలు దెబ్బ కాదు. భుజానికి సర్జరీ అయింది. చిన్న ఇండిపెండెంట్ లీగ్‌లో ఆడి తనను తాను మళ్లీ నిరూపించుకున్నాడు. 2022 డ్రాఫ్ట్‌లో టెక్సస్ రేంజర్స్ ఏకంగా 3వ స్థానంలో తీసుకుంది. 2023లో మోచేతికి టామీ జాన్ సర్జరీ. మళ్లీ నెలల తరబడి ఆటకు దూరం. చివరికి 2024 సెప్టెంబర్ 12న సియాటిల్ మీద మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడాడు. నాలుగు ఇన్నింగ్స్‌లో 7 స్ట్రైకౌట్లు తీశాడు. ఆ నో-హిట్టర్ రాత్రి నుంచి అక్కడికి చేరడానికి ఐదేళ్లకు పైగా పట్టింది.

మనకేంటి సంబంధం అంటారా?

బేస్‌బాల్ మన దేశానికి పూర్తిగా కొత్తేం కాదు. స్కూల్ గేమ్స్‌లో ఉంది. యూనివర్సిటీల మధ్య ఆల్ ఇండియా పోటీలూ జరుగుతాయి. 2008లో ఓ టీవీ షోలో బంతి వేగంగా విసిరి గెలిచిన ఉత్తరప్రదేశ్ జావెలిన్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో సంతకం చేశారు. వాళ్ల కథే 2014లో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ సినిమాగా వచ్చింది. సంగీతం మన ఏఆర్ రెహమాన్‌దే. అంతకుముందు ఆ ఇద్దరూ బేస్‌బాల్ ఆడినవాళ్లు కారు. చేతి బలం ఉంది, నేర్చుకున్నారు.

సెంటినరీ కాలనీలో రాణి రుద్రమదేవి స్టేడియం ఉంది, పక్కనే జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. గ్రౌండ్, కాలేజీ, కుర్రాళ్లు.. మూడూ ఒకేచోట ఉన్న ఏరియా ఇది. ఆట క్రికెట్ అయినా, కబడ్డీ అయినా వాండర్‌బిల్ట్ సీజన్ నుంచి తీసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, స్పీడ్‌గా వేసే కుర్రాడు దొరికాడు కదా అని ఆదివారం మూడు మ్యాచ్‌లూ అతడితోనే వేయించొద్దు. వేసిన బంతులు లెక్కపెట్టండి, భుజం నొప్పి అంటే ఆపేయండి. రెండు, 18-5తో ఓడిన రాత్రి సీజన్ అయిపోలేదు. మర్నాడు ఇంకో మ్యాచ్ ఉంది. దానికి తయారుగా ఉన్న ఇంకో చెయ్యి టీమ్‌లో ఉండాలి, అంతే.