తప్పు చేతిదా, కర్రదా?

ఇల్లు నడుపుకొను స్త్రీకి పనిముట్టు విలువ యొకరు చెప్పవలసిన పనిలేదు. పదును పోయిన కత్తిపీటతో కూర తరిగిన నాడు వేలు తెగును. అడుగు పలుచనైన గిన్నెలో పాలు కాచిన నాడు పాలు మాడును. అప్పుడు మనము మన చేతిని నిందించుకొనము, పనిముట్టును మార్చుకొందుము. అట్టి మనమే యాటకు పోయినప్పుడు మాత్రము ఎవరో యిచ్చిన పనిముట్టును మారుమాటాడక పుచ్చుకొని, ఆట రాకపోయినచో లోపమంతయు మనయందే యున్నదని తలంతుము. ఈ సంగతి మాకు తార్నాకలోని మా పొరుగింటి యామె మూలమున బోధపడినది.

ఆమెకు నలువదియెనిమిదేండ్లు. పిల్లలు పెద్దవారై దూరదేశములకు పోయిరి. సైన్యమునందు ఉద్యోగము చేసి విరమించిన ఆమె బావగారు తాము వాడి విడిచిన గోల్ఫు కర్రల సంచిని మరదలికిచ్చి, ఆరోగ్యమునకు మంచిది, నేర్చుకొమ్మనిరి. తార్నాక నగరమునకు తూర్పుభాగమున నున్నది. గోల్ఫు మైదానములలో నొకటి పడమట గోలకొండకోట నయా ఖిల్లాలోను, మరియొకటి యంతకంటెను పడమటనున్న గచ్చిబౌలిలోను కలవు. అందుచేత ఆమె వారమునకు రెండుమారులు తెల్లవారకమునుపే వంట ముగించి, ఊరు దాటి పోయి అభ్యాసము చేసి వచ్చుచుండెను. దారిఖర్చు, నేర్పువానికి రుసుము, సగము దినము. ఆరునెలలు గడచెను. బంతి నేలమీద దొర్లుటయే కాని గాలిలోనికి లేచుట యరుదు. అరచేతులు మండెను, మోచేయి నొచ్చెను.

ఒక ఉదయమున మేమిరువురమును ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున నడచుచుంటిమి. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనము దాపునకు వచ్చునప్పటికి ఆమె నిలిచి, "అక్కయ్యగారూ, ఆ సంచిని బావగారికి తిరిగి యిచ్చివేయుచున్నాను. నా చేతుల కీయాట రాదు. ఈ వయసున నాకెందుకు చెప్పండి?" అనెను. ఇంటిలో భర్తగారును ఆ మాటయే యనుచున్నారట. మాకు విచారము కలిగినది ఆటను గూర్చి కాదు. "నాకు రాదు" అను ఆ మాటను గూర్చి. ఒకమారు ఆ మాట నోట వచ్చిన పిదప నది గోల్ఫుతో నిలువదు.

ఆనాడు మా వెంట ఆమె అక్కగారి కుమార్తె యుండెను. విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదువుచున్న పిల్ల. అది, "పిన్నీ, ఆ ఐరన్ల తల వెనుకవైపు ఎట్లుండును?" అని యడిగెను. "పలుచగా, నున్నగా, కత్తివలె నుండును" అని యామె చెప్పెను. "అయితే యవి బ్లేడులు. చేయి తిరిగినవారికొరకు చేసినవి. తప్పు నీదొక్కతెదే కాదు" అని పిల్ల నవ్వెను.

ఆటను చూడని సోదరీమణులకొరకు రెండు మాటలు చెప్పవలెను. దూరమున నున్న చిన్న గుంటలోనికి సాధ్యమైనన్ని తక్కువ దెబ్బలతో బంతిని చేర్చుటయే గోల్ఫు. ఆటగాడు పదునాలుగింటికి మించి కర్రలను సంచిలో నుంచుకొనరాదని నియమము. అందు లోహపు పలుచని తల గలవానిని ఐరన్లందురు. వానికి సంఖ్యలుండును. సంఖ్య పెరిగినకొలది తల ముఖము వెనుకకు వాలి, బంతి యెత్తుగా లేచి దగ్గరలో పడును. సంఖ్య తగ్గినకొలది దూరము పోవును, కాని కొట్టుట కష్టము.

బ్లేడునందు లోహము బరువెల్ల తల నడిమిభాగమున కుదురుకొని యుండును. బంతి సరిగా నడుమ తగిలెనా, దెబ్బ వెన్నవలె నుండును. అరంగుళము ప్రక్కకు తగిలెనా, తల చేతిలో గిరుక్కున తిరిగిపోవును. బంతి వేగమును దిక్కును చెడును, చేయి జివ్వుమనును. మరియొక జాతి ఐరన్లలో తల వీపును గుల్లచేసి, అక్కడి లోహమును అంచులకు చేర్చుదురు. వీనిని కావిటీ బ్యాక్ ఐరన్లందురు. బరువు అంచుల నుండుటచే ప్రక్క దెబ్బకు తల యంత సులభముగా తిరుగదు. ఇది యెట్లని మే మడుగగా పిల్ల, "పెద్దమ్మా, తాడుమీద నడచు దొమ్మరివాడు పొడవైన గడ నడ్డముగా పట్టుకొనునేల? బరువు నడుమనుండి యెంత దూరముగా నున్న నంత తొందరగా తిరుగుటకు ఒప్పదు. ఇచ్చటను ఆ సూత్రమే" అని చెప్పెను. చిన్ననాడు వీథిలో చూచిన గడకు ఇంత శాస్త్రమున్నదని మాకంతవరకు తెలియదు.

ఈ మార్గమును ప్రసిద్ధికి తెచ్చినవారిలో ముఖ్యుడు కార్‌స్టెన్ సోల్‌హైము. 1911లో నార్వే దేశమున పుట్టి, చిన్నతనముననే అమెరికాకు పోయినవాడు. తండ్రి చెప్పులు కుట్టువాడు. తానును కొంతకాల మాపని చేసి, పిమ్మట యంత్రశాస్త్రజ్ఞు డయ్యెను. నలువదేండ్లు దాటిన తరువాత తోటి ఉద్యోగులు పిలువగా గోల్ఫు మొదలుపెట్టెను. గుంటదగ్గర బంతిని దొర్లించు పట్టర్ అను కర్ర తన చేతిలో నిలువకుండుటచూచి, తనకు రాదని వదలివేయక, కర్రయే సరిగా లేదేమోనని యోచించి, బరువును తల రెండు కొసలకు చేర్చి 1959లో క్రొత్త పట్టరును చేసెను. అది బంతికి తగిలినప్పుడు పలికిన ధ్వనియే 'పింగ్' అని ఆయన సంస్థకు పేరైనది. తరువాత ఐరన్లకును ఆ పద్ధతియే పట్టించెను. స్త్రీల పక్షమున అమెరికా, ఐరోపా జట్లకు జరుగు సోల్‌హైం కప్పు 1990లో మొదలైనది. దానికి ఆయన కుటుంబము పేరే పెట్టిరి.

కథకు వత్తము. మాటలకంటె పరీక్ష మేలని పిల్ల పట్టుపట్టగా మేము మువ్వురమును అభ్యాసస్థలమునకు పోతిమి. పిల్ల సంచిలోనుండి సుద్దముక్క తీసి, బావగారి యేడవ ఐరను ముఖమునకు పూసెను. బంతి తగిలినచోట సుద్ద చెరిగి గుర్తు పడును. పది దెబ్బలలో రెండే నడిమికి తగిలినవి, తక్కినవి కొసకు. పదింట మూడు బంతులే పైకి లేచినవి. పిదప అచ్చటివారి నడిగి తెచ్చిన గుల్లవీపు ఏడవ ఐరనుతో మరల పది దెబ్బలు. గుర్తులు మునుపటివలెనే చెదరియున్నవి, కాని యేడు బంతులు గాలిలోనికి లేచినవి. చేయి యొక పూటలో మారలేదు, కర్ర మారినది. ఆమె చాలసేపు మాటలాడలేదు. తుదకు, "ఆరునెలలు నన్ను నేను తిట్టుకొంటిని" అని మాత్ర మనెను.

కొనదలచువారు గమనింపవలసిన సంగతులు కొన్ని గలవు. తల వీపు గుల్లగా నుండుట మొదటిది. రెండవది, తల అడుగు వెడల్పుగా నుండుట. సన్నని అడుగు పారవలె మట్టిలోనికి దిగును, వెడల్పయినది జారిపోవును. మూడవది, కాడ. ఉక్కుకాడలు తరచుగా నూరు గ్రాములకు పైబడి యుండును; గ్రాఫైటు కాడలు వానికంటె మిక్కిలి తేలిక, చేతికి అదురును తక్కువ. కాడ వంగుటను సూచించు అక్షరములు అన్ని సంస్థలకు నొక్క కొలత కావు. కావున అక్షరమును నమ్మక ఊపి చూడవలెను. నాలుగవది, పొడవు. స్త్రీల కర్రలు సాధారణముగా పురుషుల వానికంటె నొక అంగుళము పొట్టిగాను, పిడి సన్నముగాను ఉండును. అయినను 'లేడీస్' అను చీటీయే ప్రమాణము కాదు. పొడగరియగు స్త్రీకి పురుషుల తేలిక కర్ర తగవచ్చును.

అయిదవది దుకాణమున మోసపోకుండుటకు. ఏడవ ఐరను ముఖపు వాలు ఒకప్పుడు ముప్పదినాలుగు, ముప్పదియైదు డిగ్రీల ప్రాంతమున నుండెడిది. నేడు పెక్కు సంస్థలు దానిని ముప్పదికి, అంతకు లోపలికిని తగ్గించినవి. బంతి దూరము పోవుటచూచి కొనువారు సంతసింతురు. కాని మెల్లగా ఊపువారికి వాలు తగ్గిన బంతి లేవదు. కావున సంఖ్య నడుగక వాలు నడుగుడు. మూడు, నాలుగు, అయిదవ ఐరన్లను క్రొత్తవారు మానుకొని, వానికి బదులు హైబ్రిడ్ అను గుండ్రని తలగల కర్రను వాడుట మేలు. అన్నిటికంటె ముఖ్యముగా, మొత్తము సెట్టును ఒకేమారు కొనవలదు. ఒక్క ఏడవ ఐరనుతో రెండునెలలు గడపి చూడుడు. వాడినదైనను పరవాలేదు, ముఖముమీది గీతలు అరిగిపోలేదా, కాడకు తుప్పు పట్టలేదా యని చూచుకొన్న చాలును.

అయితే క్షమకును హద్దు కలదు. ఎట్టి గుల్లవీపైనను బంతికి వెనుక నేలను కొట్టిన దెబ్బను దిద్దజాలదు. ముఖము ప్రక్కకు త్రిప్పి కొట్టినచో బంతి ప్రక్కకే పోవును. అది నష్టమును తగ్గించునే కాని నేర్పు నీయదు. నేర్పుకు గురువును, అభ్యాసమును వలయును. మంచి కర్ర చేయు మేలొక్కటే: నేర్చుకొనునంతవరకు మనిషిని నిరాశపడనీయదు.

బలముతోనే సర్వము జరుగునను భ్రమయు వలదు. 2021లో టోకియోలో జరిగిన ఒలింపిక్సులో మన దేశపు అదితి అశోక్ తనకంటె దూరము కొట్టగలవారి నడుమ నాలుగవ స్థానమున నిలిచెను.

మా పొరుగింటి యామె సంచిని బావగారికి కృతజ్ఞతతో తిరిగి యిచ్చినది. "ఇవి మీ చేతులకొరకు చేసినవి బావగారూ" అని చెప్పినదట. వాడిన గుల్లవీపు ఐరన్లు మూడు, హైబ్రిడ్ ఒకటి కొనుక్కొనెను. ఆటలో నామె యింకను క్రొత్తదియే. కాని ప్రాంగణమున నడచునప్పుడు "నాకు రాదు" అను మాట ఆమె నోట వినబడుట మానినది. ఆదివారములయందు భర్తగారును వెంట పోవుచున్నారు. ఆయనకు బంతి లేవనప్పుడు ఆమె మాటలాడక సంచిలోనుండి సుద్దముక్క తీసి యిచ్చుచున్నదట.