పాత మోటార్‌హోమ్‌ల బ్రేకులు, ముందు చక్రాల అమరిక మెరుగుదల

వంటగది, పడకలు, స్నానపుగది వంటి నివాస సౌకర్యాలతో నిర్మించిన మోటారు వాహనాన్ని మోటార్‌హోమ్ అంటారు. కొన్ని దశాబ్దాల క్రితం తయారైన ఇటువంటి వాహనాల బ్రేకులను, ముందు చక్రాల సస్పెన్షన్‌ను, స్టీరింగ్‌ను నేటి రహదారులకు తగినట్లు బలపరచడం వాటి యజమానులు చేపట్టే ముఖ్యమైన పని. అమెరికాకు చెందిన జీఎంసీ మోటార్‌హోమ్ ఇందుకు మంచి ఉదాహరణ. ఏ ఒక్క భాగాన్ని మార్చినా దాని ప్రభావం మిగిలిన భాగాలపై పడుతుంది కనుక, ఈ పనిని విడి భాగాల మార్పిడిగా కాక మొత్తం వ్యవస్థకు చేసే మార్పుగా భావించవలసి ఉంటుంది.

జీఎంసీ మోటార్‌హోమ్

జనరల్ మోటార్స్ సంస్థ ఈ వాహనాన్ని 1973 నుండి 1978 వరకు మిచిగన్ రాష్ట్రంలోని పాంటియాక్ నగరంలో తయారు చేసింది. మొత్తం సుమారు 12,900 వాహనాలు వెలువడ్డాయి. ఇవి 23 అడుగులు, 26 అడుగులు అనే రెండు పొడవులలో లభించేవి. ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో కారులో వాడిన ఇంజను, గేర్ల వ్యవస్థలనే దీనికీ అమర్చారు. ఇంజను శక్తి ముందు చక్రాలకే చేరుతుంది. ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగులకు బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీలు, అనగా టార్షన్ బార్లు ఉంటాయి. వెనుక ఒక్కొక్క వైపు రెండేసి చక్రాలు ఒకదాని వెనుక ఒకటిగా ఉంటాయి. వాటి బరువును గాలి సంచులు మోస్తాయి. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనుక నాలుగు చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉంటాయి.

బ్రేకులపై భారం

వాహనం ఆగినప్పుడు దాని గతిశక్తిలో అధిక భాగం బ్రేకులలో ఉష్ణంగా మారుతుంది. 5,000 కిలోల వాహనం గంటకు 60 కి.మీ. వేగంతో పోతున్నప్పుడు దాని గతిశక్తి సుమారు 7 లక్షల జౌళ్లు. అదే వాహనం 90 కి.మీ. వేగంతో పోతే అది 15.6 లక్షల జౌళ్లకు చేరుతుంది. అంటే వేగం ఒకటిన్నర రెట్లయితే ఉష్ణం రెండుంబావు రెట్లవుతుంది. పొడవైన ఘాట్‌ రోడ్డులో దిగేటప్పుడు ఈ ఉష్ణం పేరుకుపోయి బ్రేకుల పట్టు సడలుతుంది.

మొదట మరమ్మత్తు

కొత్త భాగాలు కొనే ముందు ఉన్న వ్యవస్థను పూర్వస్థితికి తేవాలి. పాతబడిన రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బి ద్రవానికి అడ్డుపడవచ్చు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ద్రవానికి ప్రమాణాల ప్రకారం మరిగే ఉష్ణోగ్రత కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తేమ చేరిన స్థితిలో ఈ కనీస పరిమితి 140 డిగ్రీలు మాత్రమే. ద్రవం మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ఆవిరి సులభంగా నొక్కుకుపోతుంది కనుక పెడల్ కిందికి దిగినా బ్రేకు పడదు.

ముందు బ్రేకులు

మూల క్యాలిపర్లలోని పిస్టన్ వ్యాసం సుమారు 74.6 మి.మీ. వీటి స్థానంలో 80 మి.మీ. పిస్టన్ గల క్యాలిపర్లను అమర్చడం ఒక ప్రసిద్ధ మార్పు. పాస్కల్ సూత్రం ప్రకారం, అంతే పీడనానికి బిగించే బలం పిస్టన్ వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. ఇక్కడ ఆ పెరుగుదల సుమారు 15 శాతం. అయితే అవసరమయ్యే ద్రవం కూడా అంతే పెరుగుతుంది కనుక పెడల్ మరికొంత లోతుకు దిగుతుంది. పెడల్ దిగడాన్ని తగ్గించడానికి పెద్ద మాస్టర్ సిలిండర్ పెడితే, అదే కాలి బలానికి వచ్చే పీడనం తగ్గుతుంది. కావున ఈ రెండింటినీ కలిపి లెక్కించి ఎంచుకోవాలి.

వెనుక బ్రేకులు

డ్రమ్ముల స్థానంలో డిస్కులు పెట్టినప్పుడు రెండు సమస్యలు ఎదురవుతాయి. మొదటిది, డ్రమ్ములోని షూ తిరిగే దిశ వలన తనంతట తానే కొంత బిగుసుకుంటుంది. డిస్కుకు ఈ సహాయం లేదు కనుక ఎక్కువ పీడనం కావాలి. రెండవది, కొన్ని క్యాలిపర్లలో హ్యాండ్ బ్రేకు ఏర్పాటు ఉండదు.

జీఎంసీ వాహనంలో మరొక విశేషం ఉన్నది. ఒకే వైపున్న రెండు వెనుక చక్రాల చేతులు వాటి మధ్యనున్న ఇరుసుల నుండి ఒకటి ముందుకు, ఒకటి వెనుకకు చాచి ఉంటాయి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు మధ్య చక్రం నేలకు అదుముకుంటుంది, చివరి చక్రం తేలిక పడుతుంది. తేలికైన చక్రం త్వరగా బిగుసుకుని జారుతుంది. బ్రేకు బలాన్ని చేతిమీద పడనీయక నేరుగా చట్రానికి చేర్చే ప్రత్యేక కడ్డీలు ఈ లోపాన్ని తగ్గిస్తాయి.

ముందు చక్రాల అమరిక

ఇందులో బాల్ జాయింట్లు, టై రాడ్ చివరలు, బుష్‌లు, చక్రాల బేరింగులు ముఖ్యమైనవి. వీటిలో అరుగుదల ఉంటే చక్రాల కోణాలు సరిచేసినా నిలవవు. అందుచేత అరిగిన భాగాలు మార్చి, టార్షన్ బార్లతో వాహనం ఎత్తు సరిచేసి, ఆ తరువాతే చక్రాల అలైన్‌మెంట్ చేయించాలి. కాస్టర్ కోణాన్ని తగినంత పెంచితే వాహనం తిన్నగా పోతుంది.

ఇంకా బలమైన ఏర్పాటు కోరేవారు ఒక టన్ను తరగతి ట్రక్కుల హబ్బులు, బేరింగులు, డిస్కులు అమర్చుకుంటారు. పెద్ద డిస్కు ఎక్కువ ఉష్ణాన్ని ఇముడ్చుకుంటుంది. దాని వ్యాసార్థం కూడా ఎక్కువ కనుక అదే బలానికి చక్రాన్ని మరింతగా నిలువరిస్తుంది.

జాగ్రత్తలు

గాలి సంచులపై నిలిచిన వాహనం గాలి పోతే ఒక్కసారిగా దిగిపోతుంది. కనుక చట్రం కింద దృఢమైన స్టాండ్లు పెట్టకుండా కిందికి దూరరాదు. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరం, గాలితో ఊది శుభ్రం చేయరాదు. పని ముగిశాక ఖాళీ స్థలంలో తక్కువ వేగంతో పరీక్షించి, ముందు చక్రాల కంటే వెనుక చక్రాలు ముందుగా బిగుసుకోవడం లేదని నిర్ధారించుకోవాలి. వెనుక చక్రాలు ముందుగా జారితే వాహనం అడ్డం తిరుగుతుంది. బ్రేకులు ఎంత మెరుగుపడినా చివరకు వాహనాన్ని ఆపేది టైర్లకు నేలపై ఉన్న పట్టే. కావున బరువుకు తగిన, కాలం చెల్లని టైర్లు కూడా ఈ మెరుగుదలలో భాగమే.

ఇవి కూడా చూడండి

బ్రేకు
పాస్కల్ సూత్రం
గతిశక్తి
ఘర్షణ