నారుకుళ్ళు తెగులు



నిన్న నిటారుగా నిలిచిన తోటకూర మొలకలు నేటి ఉదయమునకు నేలకొరగుట మీరు చూచియే యుందురు. ఆకులు పచ్చగానే యుండును. మొదలు మాత్రము నాని, దారమువలె సన్నగిలును. విత్తనము మంచిది కాదని మన మనుకొందుము. నేనును ఒకప్పు డట్లే తలచి, పైగా నీరు చాలలేదేమోయని మరియొక తడి యిచ్చితిని. మిగిలిన మడియు పోయినది.

ఇది నారుకుళ్ళు తెగులు. పిథియము, రైజోక్టోనియా మొదలగు బూజు జాతులు దీనికి కారణములు. ఇవి నేలలోనే దాగియుండును. పిథియము బీజములు నీటిలో ఈదుచు వేరు నుండి వేరునకు ప్రాకును. మన పసుపు చేలలో దుంపకుళ్ళు పుట్టించునదియు నీ జాతియే. దీనిని గూర్చి బట్లరు అను శాస్త్రజ్ఞుడు మన దేశముననే పరిశోధించి 1907లో ఒక గ్రంథము ప్రకటించెను.

1931లో నిజాంసాగరము పూర్తియైన పిమ్మట బోధను ప్రాంతమున చెరకు విస్తరించినది. నీ రెంత పారిన నంత మేలను తలపు మనలో నాటుకొనినది. కాని చెరకు ఓర్చు తడిని మొలక ఓర్వదు. నేటి పాలీహౌసులలో నీ చిక్కు మరింత హెచ్చు. గాలి యాడదు, తడి యారదు, వెచ్చదన ముండును. బూజునకు ఇంతకన్న కావలసిన దేమి?

ఆకుకూర నెల దినములలోనే కోతకు వచ్చి మన పిల్లల కంచములో పడును. కావున మందులకు ముందు మడిని బాగుచేసికొనుట మేలు.

వేసవిలో మడిని తడిపి, వెలుతురు చొరబడు పలుచని ప్లాస్టిక్ పట్టాను కప్పి, అంచులను మట్టితో మూసి, నాలుగు నుండి ఆరు వారము లుంచిన, ఎండవేడికే బూజు చాలవరకు నశించును. తరువాత 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీరు చిలికి, వారము దినములు నీడ నుంచి మడిలో కలుపుడు. ట్రైకోడెర్మాయు బూజే, అయినను కీడుచేయు బూజును అణచును. మడిని అరడుగు ఎత్తున కట్టి, విత్తనము పలుచగా చల్లుడు. ఉదయముననే తడి యిండు. సాయంకాలమునకు పైమన్ను ఆరవలెను.

మొలక వాలినప్పుడు విత్తనమును నిందింపకుడు. ముందుగా మడిలో వేలు గ్రుచ్చి చూడుడు. తడిమన్ను వేలి కంటినచో, ఆ పూటకు నీరు కట్టివేయుడు.