ఆర్మూర్ రోడ్డు... సేతువు దాకా!

పసుపు మార్కెట్ ఊరి మీదుగా వెళ్లే హైవేనే పట్టుకుని దక్షిణానికి సాగిపోతే సముద్రం మధ్యలోని దీవిలో తేలొచ్చు. చేతిలో కెమెరా ఉంటే ఆ ప్రయాణం ఇంకా బాగుంటుంది!

కాశీ నుంచి గంగాజలం తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేయించాలి. సేతువు ఇసుక తీసుకెళ్లి మళ్లీ గంగలో కలపాలి. అప్పుడే యాత్ర పూర్తయినట్టని పెద్దవాళ్లు చెబుతారు. ఆ యాత్రకు ఆర్మూర్ సరిగ్గా దారిలో ఉంది. 2010లో నంబర్లు మార్చకముందు ఇటుగా వెళ్లే ఏడో నంబరు జాతీయ రహదారి వారణాసిలోనే మొదలయ్యేది. ఇప్పుడది 44. ఆర్మూర్ దగ్గర ఎక్కితే హైదరాబాద్, కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం మీదుగా మదురై దాకా రోడ్డు నంబరు మారదు. అక్కణ్నుంచి 87వ నంబరు రహదారి రామేశ్వరం తీసుకెళుతుంది. మొత్తం దాదాపు 1,350 కిలోమీటర్లు.

పిల్లలూ పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు అనంతపురంలో ఒక రాత్రి, సేలంలో మరో రాత్రి ఆగితే అలసట ఉండదు. సేలమంటే మనకి కొత్తేం కాదు. పసుపు రైతులకి ‘సేలం రకం’ పేరుతో ఎప్పట్నుంచో తెలిసిన ఊరే.

సముద్రం మీద వంతెనలు

రామనాథపురం దాటాక గాలిలో ఉప్పు వాసన మొదలవుతుంది. మండపం దాటగానే రోడ్డు సముద్రం మీదికి ఎక్కేస్తుంది. 1988లో ప్రారంభించిన ఈ పాంబన్ రోడ్డు వంతెన పొడవు 2.3 కిలోమీటర్ల పైమాటే. దాని పక్కన కట్టిన పాత రైలు వంతెన 1914 నాటిది. ఓడ వచ్చినప్పుడల్లా మధ్య భాగాన్ని తలుపు రెక్కల్లా రెండువైపులకీ ఎత్తేవారు. దానిమీద 2022 డిసెంబరులో రైళ్లు ఆగిపోయాయి. 2025 ఏప్రిల్లో మొదలైన కొత్త వంతెనలో మధ్య భాగం లిఫ్టులా నిలువునా పైకి లేస్తుంది. ఫొటో కోసం వంతెన మీద బండి ఆపి ట్రాఫిక్‌కి అడ్డు పడక్కర్లేదు. కిందికి దిగి ఒడ్డు నుంచి తీస్తే వంతెనలతోపాటు రంగురంగుల చేపల పడవలూ ఫ్రేములోకొస్తాయి.

ఒక్క రాత్రిలో ఊరు పోయింది

దీవికి ఆ చివర ధనుష్కోడి. ఒకప్పుడు రైల్వేస్టేషనూ పోస్టాఫీసూ చర్చీ ఉన్న ఊరు. ఇక్కడి రేవు నుంచి శ్రీలంకలోని తలైమన్నార్‌కి స్టీమర్లు నడిచేవి. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను విరుచుకుపడింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజర్ రైలు వందమందికి పైగా ప్రయాణికులతో సహా అలల్లో కలిసిపోయింది. దెబ్బతిన్న రైలు వంతెనను ఇ.శ్రీధరన్ నేతృత్వంలో 46 రోజుల్లో బాగుచేశారు. ధనుష్కోడిని మాత్రం నివాసయోగ్యం కాదని ప్రభుత్వం ప్రకటించింది.

చర్చి మొండిగోడలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. కొన్ని మత్స్యకార కుటుంబాలు ఇంకా ఆ ఇసుకలోనే బతుకుతున్నాయి. వాళ్లని ఫొటో తీసేముందు ఒక్కమాట అడగడం మర్యాద. ఇంతమంది ప్రాణాలు పోయిన చోట చిందులేస్తూ సెల్ఫీలు దిగితే ఏం బాగుంటుంది?

అక్కణ్నుంచి రోడ్డు అరిచల్‌మునై వరకూ వెళుతుంది. ఒకప్పుడు జీపుల్లో ఇసుకలో పడుతూ లేస్తూ పోయేవారు. 2017 నుంచి కారు నేరుగా వెళుతోంది. ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు మన్నార్ సింధుశాఖ. ఎదురుగా శ్రీలంక వైపు సాగే ఇసుక తిన్నెల వరుసే రామసేతు. తలైమన్నార్ ఇక్కడికి 30 కిలోమీటర్లలోపే.

మాయమైన రెండు దీవులు

రామేశ్వరం నుంచి తూత్తుకుడి వరకూ తీరం వెంబడి దండలో పూసల్లా మరో 21 చిన్న దీవులున్నాయి. ఈ ప్రాంతాన్ని 1986లో సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. వాటిలో విలాంగుచల్లి, పూవరసన్‌పట్టి ఇప్పుడు నీటి అడుగున ఉన్నాయి. సున్నం కోసం ఏళ్ల తరబడి పగడపు దిబ్బలను తవ్వుకుపోయారు. అలలను ఆపే గోడ పోయింది. పైగా సముద్రమట్టం పెరుగుతోంది. ఇక దీవి ఎలా నిలుస్తుంది? ఆర్మూర్ నవనాథ సిద్ధుల గుట్ట మీది రాళ్లు మన తాతలు చూసినట్టే మన మనవలూ చూస్తారు. ఈ దీవుల విషయంలో ఆ భరోసా లేదు. అందుకే ఇక్కడ తీసే ప్రతి ఫొటో రేపటికి సాక్ష్యం. ఒడ్డున దొరికిందనో, చవకగా ఇచ్చారనో పగడపు ముక్క తెచ్చుకోవడం మాత్రం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

కెమెరా సర్దుకునేముందు...

* రాజహంసల ఫొటోలు కావాలంటే జనవరి - మార్చి మధ్య వెళ్లాలి. ధనుష్కోడిలో 2025లో వాటికోసం అభయారణ్యాన్ని ప్రకటించారు. దగ్గరికెళ్లి బెదరగొట్టకుండా జూమ్ లెన్సుతో తీయాలి.

* పసుపు అమ్ముకున్నాక ఏప్రిల్, మేలలో బయల్దేరేవాళ్లు మధ్యాహ్నం గదిలోనే ఉండటం మేలు. తెల్లటి ఇసుక మీద ఎండ కళ్లు చెదరగొడుతుంది. ఉదయం, సాయంత్రం వెలుగే అందం.

* అక్టోబరు - డిసెంబరు తుపానుల కాలం. వాతావరణ హెచ్చరికలు చూసుకునే కదలాలి.

* లెన్సు మార్చాలంటే కారు అద్దాలు ఎత్తేసి లోపలే మార్చాలి. గాలికి ఇసుక లేస్తుంది. రాత్రికి కెమెరాను మెత్తటి గుడ్డతో తుడవకపోతే ఉప్పు పేరుకుంటుంది.

* ధనుష్కోడి వైపు చీకటి పడ్డాక ఉండనివ్వరు. చెక్‌పోస్టు వేళలు ముందే కనుక్కోవాలి. డ్రోన్ ఎగరేయాలన్నా, చిన్న దీవులకు వెళ్లాలన్నా అనుమతి తప్పనిసరి.