సముద్రము దాటిన సంసారము – దాని జమాఖర్చులు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. విదేశములలో కొలువు చేయుచున్న వారి కుటుంబములను చూచినప్పుడు, ఈ సామెతకు 'సంసారమును సముద్రము దాటించి చూడు' అను మూడవ మాటను కూడ చేర్చవలెనని మాకు తోచుచున్నది.

దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి. నగర్ వరకు నడచినచో రహదారికి ఇరువైపుల శిక్షణ కేంద్రముల బోర్డులు, కన్సల్టెన్సీల బోర్డులు వరుసగా కనబడును. దేశముల పేర్లు వానిపై పెద్ద అక్షరములతో ఉండును. ఆ దేశమున ఒక ఇల్లు నెలకు ఎట్లు గడచునన్న మాట మాత్రము ఏ బోర్డు మీదను కానరాదు. మా సహాధ్యాయులలో కొందరి తండ్రులు, అన్నలు గల్ఫ్ దేశములలో ఉన్నారు. మాలో పలువురము రేపు అదే దారిని ఆలోచింపవలసినవారమే. కావున కుటుంబముతో కూడ విదేశమునకు తరలిపోవుటకు అగు ఖర్చును గూర్చి మేము తెలిసికొన్న విషయములను ఈ వ్యాసమున విన్నవించుచున్నాము. మలక్‌పేట, సైదాబాదు, సరూర్‌నగర్ ప్రాంతముల వారికి చిరపరిచితమైన సౌదీ అరేబియానే ముఖ్యమైన ఉదాహరణగా గ్రహించితిమి.

రూపాయల లెక్కలోని భ్రమ

విదేశపు జీతము వినగానే మనము చేయు మొదటి పని దానిని రూపాయలలోనికి మార్చుట. సౌదీ రియాలు 1986 నుండి అమెరికా డాలరుతో ముడిపడి ఉన్నది. ఒక డాలరునకు 3.75 రియాళ్లు. డాలరు ముందు రూపాయి తగ్గిన కొలది రియాలు ముందు కూడ తగ్గును. 2017లో ఒక రియాలునకు సుమారు 17 రూపాయలు రాగా, 2025లో సుమారు 23 రూపాయలు వచ్చినవి. 6,000 రియాళ్ల జీతమును ఈ లెక్కన మార్చినచో 1,38,000 రూపాయలగును. ఈ అంకె విన్న బంధువులు ఆ కుటుంబమునకు ఇక లోటేమున్నదని తలచుట సహజము.

కాని ఈ లెక్క ఒంటరిగా ఉండి, తన ఖర్చు తగ్గించుకొని, మిగిలినది ఇంటికి పంపువానికి మాత్రమే వర్తించును. రూపాయి తగ్గినప్పుడు అతడు పంపిన సొమ్ము ఇక్కడ పెరుగును. భార్యాబిడ్డలతో అక్కడనే కాపురమున్నవాడు రియాళ్లలో సంపాదించి రియాళ్లలోనే ఖర్చు చేయును. అతని అద్దె, బియ్యము, విద్యుత్తు బిల్లు, బడి ఫీజు రూపాయి విలువను అడిగి పెరుగునవి కావు. మారకపు లాభము అతని జీతమంతటికిని రాదు. నెల చివర మిగిలిన దానికి మాత్రమే వచ్చును. మిగులు లేనిచో ఆ లాభము సున్న. దూరపు కొండలు నునుపు అన్న మాట ఇచ్చట అక్షరాల వర్తించును.

తలసరి సుంకము

సౌదీ అరేబియాలో విదేశీ ఉద్యోగి తన కుటుంబమును వెంట ఉంచుకొన్నచో ఒక్కొక్కరికి ఇంత అని ప్రభుత్వమునకు సుంకము చెల్లించు పద్ధతి 2017 జూలైలో ప్రారంభమైనది. మొదటి సంవత్సరము తలకు నెలకు 100 రియాళ్లు. 2018 జూలై నుండి 200, 2019 జూలై నుండి 300, 2020 జూలై నుండి 400 రియాళ్లు అయినది. భార్యకు ఎంతయో, పసిబిడ్డకును అంతే. నివాస అనుమతి పత్రమగు ఇఖామాను పునరుద్ధరించునప్పుడు దీనిని ముందుగానే కట్టవలెను. మొదట ఏడాది సొమ్మంతయు ఒకేసారి చెల్లింపవలసి వచ్చెడిది. మూడు మాసములకొకసారి పునరుద్ధరించుకొను వీలు 2021లో వచ్చినది.

ఒక ఉదాహరణ తీసికొందము. భార్య, ముగ్గురు పిల్లలు గల ఉద్యోగికి నెలకు 6,000 రియాళ్లు, అనగా సంవత్సరమునకు 72,000 రియాళ్లు వచ్చుననుకొందము. నలుగురికి మొదటి సంవత్సరపు సుంకము 4,800 రియాళ్లు. రెండవ ఏట 9,600. మూడవ ఏట 14,400. నాల్గవ ఏట 19,200. అనగా జీతములో నాల్గవ వంతుకు పైగా ఈ ఒక్క పద్దు క్రిందనే పోవును. నెలకు 1,600 రియాళ్లు, మన రూపాయలలో సుమారు 36,800. దిల్‌సుఖ్‌నగర్ వీధులలో ఒక మధ్యతరగతి కుటుంబము రెండు పడకగదుల ఇంటికి అద్దె చెల్లించుటకు ఈ సొమ్ము చాలును. ఇంకను కొంత మిగులును.

ఈ ఖర్చును పొదుపుతో తగ్గించుకొనుటకు వీలులేదని పాఠకులు గమనింపవలెను. కూరలు ప్రియమైనచో పప్పుతో సరిపెట్టుకొనవచ్చును. కారు మానుకొనవచ్చును. తలను లెక్కించి వేయు సుంకమును తగ్గించుకొనుటకు మార్గమొక్కటే: ఇంటిలోని తలలను తగ్గించుట. కనుకనే 2017 తరువాత అనేక హైదరాబాదీ కుటుంబములు 'ఫైనల్ ఎగ్జిట్' ముద్ర వేయించుకొని తిరిగి వచ్చినవి. తండ్రి అక్కడ, తల్లీపిల్లలు ఇక్కడ అయిరి.

ఇంటి ఖర్చులు

సుంకము పెరిగిన కాలముననే తక్కిన ఖర్చులును పెరిగినవి. 2018 జనవరిలో 5 శాతము విలువ ఆధారిత పన్ను వచ్చినది. 2020 జూలైలో అది 15 శాతమైనది. పన్నుకు పూర్వము 1,000 రియాళ్లుగా నున్న సరుకుల ధర, వ్యాపారి ఏమియు పెంచకున్నను, ఈ పన్ను వలననే 1,150 అగును.

విద్యుత్తు సంగతియు అట్టిదే. 2018కి పూర్వము ఇండ్లకు మొదటి 2,000 యూనిట్లకు యూనిట్టుకు 5 హలాలాలు మాత్రమే ఉండెడిది. నూరు హలాలాలు ఒక రియాలు. 2018 జనవరి నుండి అది 18 హలాలాలైనది. 2,000 యూనిట్ల బిల్లు 100 రియాళ్ల నుండి 360 రియాళ్లకు పెరిగినదన్న మాట. ఎడారి వేసవిలో ఏ.సి. లేనిదే పసిపిల్లలతో ఒక దినమైనను గడచుట కష్టము. కావున దీనిని విలాసముగా భావింపరాదు.

అద్దె విషయమున మన అలవాటునకును అక్కడి అలవాటునకును భేదమున్నది. మన పేటలలో ఒకటి రెండు మాసముల అడ్వాన్సు ఇచ్చి, పిమ్మట నెలనెలా అద్దె కట్టుచుందుము. గల్ఫ్ నగరములలో ఆరు మాసముల అద్దెనో, సంవత్సరపు అద్దెనో ముందుగా అడుగుట పరిపాటి. క్రొత్తగా వెళ్లిన కుటుంబము మొదటి జీతము చూడకమునుపే ఈ పెద్ద మొత్తమును సమకూర్చుకొనవలెను. చాలమంది అప్పు మొదలగునది ఇచ్చటనే.

సెలవులకు ఇంటికి వచ్చుటకు కూడ తలసరి లెక్కయే. రెండు మాసముల లోపల తిరిగి వచ్చు అనుమతికి ఒక్కొక్కరికి 200 రియాళ్లు, ఆపైన ప్రతి మాసమునకు 100 రియాళ్లు. ఐదుగురు గల కుటుంబమునకు విమానపు టిక్కెట్లు గాక వేయి రియాళ్లు ఈ అనుమతికే సరిపోవును.

రెండు పొయ్యిలు

కుటుంబమును ఇంటికి పంపివేసినచో సమస్య తీరునని అనుకొనవచ్చును. సుంకము తప్పును, నిజమే. కాని ఒక పొయ్యి స్థానమున రెండు పొయ్యిలు వెలుగును. అక్కడ తండ్రి నలుగురితో కలసి గది పంచుకొనును. అతని తిండి, గది, ప్రయాణము ఒక లెక్క. ఇక్కడ అద్దె ఇల్లు, సరుకులు, బడి, మందులు మరియొక లెక్క. సరూర్‌నగర్ రైతుబజారులో కూరలు చవుకగా దొరకవచ్చును. కాని తిరిగి వచ్చిన ఇల్లాలు మంచము మొదలు గ్యాసు పొయ్యి వరకు సంసారమును మొదటినుండి అమర్చుకొనవలెను. ఇరువది సంవత్సరములు అక్కడ కూడబెట్టిన సామాను అమ్మినచో వచ్చునది స్వల్పము.

లెక్కకు అందని ఖర్చును మరువరాదు. బ్యాంకు, బడి, ఆసుపత్రి, అద్దె ఇంటి యజమాని – ఈ వ్యవహారములన్నియు ఒక్క తల్లి భుజముల మీద పడును. పిల్లలు తండ్రిని సెల్‌ఫోనులో చూచి పెరుగుదురు. ఈ భారమునకు ఏ నాణెములోను వెల కట్టలేము. అయినను నిర్ణయము తీసికొనునప్పుడు దానిని జమాఖర్చుల పుస్తకమున వ్రాసికొనక తప్పదు.

పిల్లల చదువు

విద్యార్థులమగుటచే ఈ విషయమును కొంత విపులముగా చెప్పదలచితిమి. జిద్దాలో 1969లోను, రియాదులో 1982లోను ఏర్పడిన అంతర్జాతీయ భారతీయ పాఠశాలలు మన పిల్లలకు సి.బి.ఎస్.ఇ. పద్ధతిలో చదువు చెప్పుచు వచ్చినవి. చదువు చక్కగనే సాగును. చిక్కు తిరిగి వచ్చునప్పుడు కలుగును. సుంకము పెరిగినది జూలైలో. మన రాష్ట్రపు బడులు తెరచునది జూన్‌లో. అప్పటికి ప్రవేశములు చాలవరకు ముగియును. నడుమ వచ్చిన బాలునికి కోరిన బడిలో సీటు దొరకుట దుర్లభము.

రెండవ చిక్కు భాష. తెలంగాణ రాష్ట్రము 2018లో చేసిన చట్టము పాఠశాలలలో తెలుగు బోధనను తప్పనిసరి చేసినది. జిద్దాలో పుట్టి, ఇంట ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ చదివిన బాలిక ఎనిమిదవ తరగతిలో తొలిసారి అ ఆలు దిద్దవలసి వచ్చును. ఉర్దూ, తెలుగు రెండింటికి నెలవైన మన కళాశాలలో ఇట్టి విద్యార్థినులకు తోడ్పడు అవకాశమున్నదని కళాశాల కమిటీ వారికి సవినయముగా మనవి చేయుచున్నాము. సాయంకాలము ఒక గంట పాటు వారికి తెలుగు నేర్పు తరగతిని మా వంటి విద్యార్థులమే నడుపగలము.

మూడవది స్థానికత. వృత్తివిద్యా కళాశాలలలో సీట్లు కేటాయించునప్పుడు విద్యార్థి ఎక్కడ, ఎన్ని సంవత్సరములు చదివెనన్నది ముఖ్యముగా చూతురు. తొమ్మిదవ తరగతి నాటికి పిల్లలను ఎచ్చట చదివింపవలెనో నిశ్చయించుకొనుట, ఇంటి ఖర్చు లెక్కవలెనే, ముందుగా చేయవలసిన పని.

ఇతర దేశముల మాట

ఇది ఒక్క సౌదీ అరేబియా సంగతి కాదు. బ్రిటన్ దేశమునకు ఉద్యోగమునకై పోవువారు 2024 ఫిబ్రవరి నుండి ఆరోగ్య సర్‌చార్జి క్రింద పెద్దవారికి సంవత్సరమునకు 1,035 పౌండ్లు, పదునెనిమిదేండ్లలోపు పిల్లలకు 776 పౌండ్లు చెల్లించుచున్నారు. వీసా ఎన్ని సంవత్సరములకో అన్నింటికిని దరఖాస్తుతోనే కట్టవలెను. దంపతులు, ఇద్దరు పిల్లలు ఐదేండ్ల వీసాకు 18,110 పౌండ్లు మొదటనే చెల్లింపవలెను. కొందరి విషయమున యజమాని దీనిని భరించును. అందరికి ఆ భాగ్యము లేదు.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో తలసరి నెలసుంకము లేదు గాని ఆదాయపు హద్దు ఉన్నది. 2019 మార్పుల ప్రకారము నెలకు 4,000 దిర్హముల జీతము గాని, 3,000 దిర్హములతో పాటు వసతి గాని ఉన్నవారు కుటుంబమును పిలిపించుకొనవచ్చును. అయితే 4,000 దిర్హములతో దుబాయి నగరమున నలుగురు గౌరవముగా బ్రదుకుట మిక్కిలి కష్టము. అనుమతి వేరు, స్తోమత వేరు. ప్రభుత్వము రమ్మన్నంత మాత్రమున సంసారము గడవదు.

బయలుదేరుటకు ముందు

కావున కుటుంబముతో పోదలచినవారు కాగితము మీద నాలుగు పద్దులు వ్రాసికొనవలెనని మా సూచన.

మొదటిది ఒకేసారి అగు ఖర్చు: పాస్‌పోర్టులు, వివాహ, జన్మ ధృవపత్రముల ధ్రువీకరణ, వైద్య పరీక్షలు, టిక్కెట్లు, మొదటి అద్దె. రిజిస్టరు అయిన రిక్రూటింగ్ ఏజెంటు ఉద్యోగార్థి వద్ద తీసికొనదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై 18 శాతము జి.ఎస్.టి. కలిపి 35,400. అంతకు మించి అడిగినచో ఆలోచింపవలెను.

రెండవది తలసరి ఖర్చు: సుంకములు, బడి ఫీజులు, రాకపోకల అనుమతులు. దీనిని ఇంటిలోని వారి సంఖ్యతో గుణించి, పన్నెండు నెలలకు లెక్కకట్టవలెను. మూడవది ఇంటి ఖర్చు: అద్దె, విద్యుత్తు, సరుకులు. దీనిని అక్కడి నాణెములోనే వ్రాయవలెను, రూపాయలలోనికి మార్చరాదు. నాల్గవది తిరిగి వచ్చు నిధి: అందరి టిక్కెట్లు, ఇక్కడ ఇంటి అడ్వాన్సు, పిల్లల ప్రవేశ రుసుము, ఆరు మాసముల గ్రాసము. ఈ నిధిని మొదటి సంవత్సరముననే ప్రారంభింపవలెను. 2017లో సుంకము ప్రారంభమైనప్పుడు ఈ నిధి ఉన్నవారు ఆలోచించి నిర్ణయించుకొనగలిగిరి. లేనివారు అప్పుచేసి టిక్కెట్లు కొనిరి.

మొదటి పద్దు సంపూర్ణముగా చేతిలో ఉండి, రెండవ, మూడవ పద్దులు పోగా నాల్గవ పద్దుకు కొంత మిగులునట్లున్నచో కుటుంబముతో కలసి వెళ్లుట మేలు. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, బిడ్డలు ఒకచోట ఉండుటకంటె మించిన సంపద లేదు. మిగులనిచో, పిల్లలను బడి నడుమ లేవదీసికొని వచ్చుటకంటె కొంతకాలము ఆగుట మంచిది. దుప్పటి కొలదిని కాళ్లు చాపుకొమ్మని ఉర్దూలోను తెలుగులోను మన ఇండ్లలో చెప్పుచునే ఉందురు. ఆ దుప్పటిని ఇక్కడనే, ప్రయాణమునకు ముందే, ఇంటిల్లిపాది కలసి కొలుచుకొనవలెనని మా మనవి.